రోగిసేవాధురీణ ఫ్లోరెన్సు నైటింగేలు

మన ప్రాచీన వైద్యమున చరకాచార్యులు చికిత్సకు నాలుగు పాదములని నిర్ణయించియున్నారు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగును చక్కగ కుదిరిననే వ్యాధి నయమగును. మూడవ పాదమగు పరిచారకునికి ఏయే లక్షణములు ఉండవలయునో కూడ ఆయన వివరించిరి. ఉపచారము చేయు పద్ధతి తెలిసియుండుట, పనియందు నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము అనునవి ఆ లక్షణములు. మంచమునకు ఒక్క కోడు విరిగినచో తక్కిన మూడును ఎంత గట్టివైనను అది పడుకొనుటకు పనికిరాదు గదా! అయినను లోకము వైద్యుని పేరు తలచినట్లు పరిచారకుని పేరు తలచుట లేదు. పందొమ్మిదవ శతాబ్దమున, విరిగి మూలబడియున్న ఆ మూడవ కోడును బాగుచేసి నిలిపిన ఒక స్త్రీ చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచిక చదువరులకు విన్నవించుటకు పూనుకొంటిని.

ఆమె పేరు ఫ్లోరెన్సు నైటింగేలు. చేత దీపము పట్టుకొని నడిరేయి క్షతగాత్రుల నడుమ తిరిగిన దయామయిగా పాఠ్యపుస్తకములు ఆమెను మనకు పరిచయము చేసినవి. ఆ చిత్రము సత్యమే గాని సగము మాత్రమే. ఆమె రెండవ చేతిలో పద్దుల పుస్తకము ఉండెడిది. చిట్టాలు, ఆవర్జాలు వ్రాయుటలో తల నెరసినవాడ నగుటచే నాకు ఆ రెండవ చేతిమీదనే మక్కువ యెక్కువ. ఇందులకు చదువరులు నన్ను మన్నింతురు గాక.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లోరెన్సు నగరమున జన్మించెను. తలిదండ్రులు ఇంగ్లాండు దేశపు సంపన్నులు. వివాహానంతరము వారు ఐరోపా యాత్ర చేయుచుండగా ఇద్దరు కుమార్తెలు కలిగిరి. పెద్దపిల్ల నేపుల్సు నగరమున పుట్టినందున ఆ నగరపు పూర్వపు గ్రీకు నామమైన పార్థినోపి అను పేరును, రెండవ పిల్లకు పుట్టిన ఊరి పేరునే పెట్టిరి. ఫ్లోరెన్సు అనునది ఆ కాలమున ఆడపిల్లలకు అరుదుగ పెట్టు పేరు. ఈమె ప్రఖ్యాతి పొందిన పిమ్మట ఇంగ్లాండులో ఎందరో తలిదండ్రులు తమ బిడ్డలకు ఆ పేరు పెట్టుకొనిరి.

తండ్రి విలియం నైటింగేలు విద్యాప్రియుడు. ఆడపిల్లలకు కుట్టుపని, సంగీతము చాలునని లోకమనుకొను దినములలో, ఆయన కుమార్తెలకు తానే గురువై గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును బోధించెను. ఫ్లోరెన్సు మాత్రము గణితమునందు మిక్కిలి ఆసక్తి చూపెను. వివాహము కావలసిన పిల్లకు ఈ లెక్కలు ఎందులకని తల్లి మెచ్చుకొనలేదు. ఆ లెక్కలే ముందుముందు వేలాది ప్రాణములను కాపాడునని అప్పుడెవ్వరు ఊహింపగలరు?

పదునారేండ్ల ప్రాయమున, 1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, భగవంతుడు తన్ను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచెను. ఏ సేవకో మాత్రము తెలియలేదు. పొరుగున నున్న పేదల ఇండ్లకు పోయి జబ్బుపడినవారికి సాయము చేయుచుండగా తన దారి అదియే యని క్రమముగ నిశ్చయమయ్యెను. 1845లో సాలిస్‌బరీ పట్టణపు ఆసుపత్రిలో కొంతకాలముండి పని నేర్చుకొందునని అడుగగా ఇంటిలో పెద్ద కల్లోలము రేగెను. తల్లియు అక్కయు ససేమిరా యనిరి. వారిని పూర్తిగ నిందింపజాలము. ఆనాటి ఆసుపత్రులు దుర్గంధమునకు నిలయములు. కలవారు ఇంటివద్దనే వైద్యము చేయించుకొనెడివారు. ఆసుపత్రికి పోవువారు నిరుపేదలు. మరియొక పని దొరకని స్త్రీలే అచ్చట నర్సులుగ కుదురుదురనియు, వారిలో అనేకులు తాగుబోతులనియు లోకప్రవాదము. అట్టిచోటికి కన్నకూతురును పంపుటకు ఏ తల్లి ఒప్పుకొనును?

ఫ్లోరెన్సు ఎదురుతిరిగి ఇల్లు విడువలేదు, పట్టు విడువలేదు. తెల్లవారుజామున ఇంటివారు లేవకముందే లేచి, శాలువ కప్పుకొని, కొవ్వొత్తి వెలుగున ఆసుపత్రుల నివేదికలను, ప్రజారోగ్యమును గూర్చిన ప్రభుత్వ ప్రచురణలను చదివి పట్టికలు వ్రాసికొనుచుండెను. చాలకాలము ఆమెకై వేచియున్న ఒక విద్వాంసుని వివాహ ప్రస్తావమును 1849లో నిరాకరించెను. మనసు మళ్ళునేమో యని ఇంటివారు స్నేహితులతో ఈజిప్టు, గ్రీసు దేశయాత్రకు పంపిరి. ఏథెన్సు నగరమున పిల్లల చేతిలో చిక్కిన ఒక గుడ్లగూబ పిల్లను విడిపించి, దానికి ఎథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకొని తిరుగుచు పెంచెను. మనవారు అపశకునముగ తలచు ఈ పక్షి గ్రీకులకు విద్యాధిదేవత వాహనము వంటిది. యాత్ర ముగించి వచ్చుచు జర్మనీలో రైను నది సమీపమున కైజర్స్‌వెర్త్ అను గ్రామమందలి సేవాశ్రమమును చూచెను. మరుసటి యేడు, 1851లో, అచ్చటనే సుమారు మూడు నెలలుండి ఉపచారము నేర్చుకొనెను. అయిదు గంటలకే నిద్ర లేవవలెను, ఆహారము సామాన్యము. విందులలో విసిగిన ఆ సంపన్నుల బిడ్డకు ఆ కష్టజీవితము స్వర్గతుల్యమయ్యెను.

1853లో లండను నగరపు హార్లీ వీధిలో జబ్బుపడిన స్త్రీలకై నడుపు ఒక చిన్న వైద్యశాలకు ఆమె అధికారిణి యయ్యెను. తండ్రి ఆమె ఖర్చులకు ఏటికి 500 పౌనుల భత్యమేర్పరచెను. ఆమె మొదట కోరినవి మందులు కావు. ప్రతి అంతస్తునకు గొట్టముల ద్వారా వేడినీరు రావలెను. వంటయింటి నుండి ఆహారము పైకి చేదుకొను యంత్రముండవలెను. రోగి గంట కొట్టగానే ఏ గది నుండి పిలిచిరో నర్సుకు తెలియవలెను. మెట్లెక్కి దిగుటలోనే నర్సు కాలము హరించిపోయినచో రోగిని చూచునది ఎప్పుడని ఆమె అభిప్రాయము.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1854లో ఇంగ్లాండు, ఫ్రాన్సు, తురుష్క రాజ్యములు ఒకటై రష్యాతో క్రిమియా ద్వీపకల్పమున పోరాడుచుండెను. గాయపడినవారిని, జబ్బుపడినవారిని ఓడలలో నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలు నగరమునకు ఎదురుగ ఆసియా ఒడ్డుననున్న స్కుటారికి చేర్చుచుండిరి. అచ్చటి దురవస్థలను టైమ్సు పత్రిక ప్రకటింపగా ఇంగ్లాండు ప్రజలు అట్టుడికినట్లు ఉడికిపోయిరి. యుద్ధశాఖ మంత్రులలో ఒకడైన సిడ్నీ హెర్బర్టు ఆమెకు మిత్రుడు. ఆయన కోరికపై, 38 మంది నర్సులతో అక్టోబరు 21వ తేదీన బయలుదేరి నవంబరు 4వ తేదీన ఆమె స్కుటారి చేరెను.

ఆ ఆసుపత్రి పూర్వము తురుష్కుల సైనికుల బస. చూచుటకు కోటవలె గంభీరమైనది, లోపల నరకము. మురుగు పోవు దారిలేదు, ఎలుకలు, పేలు లెక్కలేనన్ని, సబ్బులేదు, తువాళ్ళులేవు. గాయముల రక్తము గట్టిపడిన చొక్కాలతోనే సైనికులు నేలపై పడియుండిరి. మంచముల వరుసలన్నియు కలిపిన నాలుగు మైళ్ళుండునని, మంచమునకు మంచమునకు నడుమ జేనెడు, రెండు జేనల చోటైన సరిగ లేదని ఆమె వ్రాసినది. సైనిక వైద్యులు ఈ స్త్రీలను చూచి మొగము చిట్లించిరి. ఆమె వారితో కలహింపలేదు. వైద్యులు అడుగువరకు ఎవ్వరును రోగిని తాకరాదని తన నర్సులను కట్టడి చేసి, కట్లకు గుడ్డలు, తలగడలు కుట్టించుచు కూర్చుండెను. మరునాడే ఇంకర్‌మన్ యుద్ధము జరిగెను. గాయపడినవారు ఓడలకొలది వచ్చిపడిరి. అప్పుడు వైద్యులే వచ్చి సాయమడిగిరి.

టైమ్సు పత్రిక సేకరించిన విరాళమును, తన సొంత సొమ్మును వెచ్చించి నేల రుద్దు కుంచెలు, చొక్కాలు, చెంచాలు, సబ్బులు ఆమె కొనిపించెను. సమీపమున ఒక ఇల్లు అద్దెకు తీసికొని, పెద్ద కాగులు అమర్చి, సైనికుల భార్యలకు కూలి యిచ్చి బట్టలు ఉదికించెను. బలహీనులకు వేరుగ పథ్యపు వంట యేర్పాటు చేసెను. సామాను గిడ్డంగిలో ఉండియు కాగితముపై పెద్దల సంతకము లేనిదే బయటికి రాని ఆ రాజ్యములో, ఏ వస్తువు ఎన్ని వచ్చినవి, ఎవరికి పోయినవి అను పద్దు ఆమె వద్దనే సరిగ ఉండెడిది. రాత్రి ఎనిమిది గంటల తరువాత వార్డులలోనికి తాను తప్ప మరి యే స్త్రీయు పోరాదని నియమము పెట్టి, చేత లాంతరు పట్టుకొని ఒంటరిగ తిరిగెను. చిత్రకారులు గీయు అల్లావుద్దీను దీపము వంటిది కాదది. గుడ్డతో చేసిన, ముడుచుటకు వీలైన తురుష్క లాంతరు. చనిపోయినవారి తల్లులకు, భార్యలకు ఉత్తరములు వ్రాయుట ఆ రాత్రుల పనియే.

గ్రంథాలయ సంచికలో ఒక విషయము చెప్పక విడువరాదు. కోలుకొనుచున్న సైనికులు చేతి సొమ్మును సారాకు తగలేయుచుండిరి. వారు పశువులని, మారరని సేనానుల మతము. ఆమె 1855లో వారికై చదువు గదులను తెరిపించి, పుస్తకములు, పత్రికలు, ఆటవస్తువులు తెప్పించెను. ఇంటికి సొమ్ము పంపుకొను యేర్పాటు చేసెను. ఆరు నెలలు తిరుగకముందే ఆ తాగుబోతులు 71,000 పౌనులు ఇండ్లకు పంపిరి. చదువు గది వలన ప్రయోజనమేమని అడుగువారు మన యూరిలోను కొందరు కలరు. వారికి ఈ అంకెను చూపవచ్చును.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యాంశమునకు వచ్చుచున్నాను. ఆమె రాగానే మరణములు తగ్గిపోయినవని పలువురు వ్రాయుదురు. తేదీలు వరుసగ పెట్టి చూచిన అట్లు కనబడదు. ఆమె వచ్చినది నవంబరు. చలికాలమంతయు మరణములు పెరిగి, ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చనిపోవు దశకు చేరెను. 1855 మార్చిలో ఇంగ్లాండు ప్రభుత్వము పారిశుద్ధ్య సంఘమును పంపెను. డాక్టరు సదర్లండు, ఇంజనీరు రాలిన్‌సన్ మున్నగువారు నేల త్రవ్వించి చూడగా, ఆ భవనము పూడిపోయిన మురుగు కాలువలపై నిలిచియున్నది. వారు కాలువలు కడిగించిరి, కశ్మలము నెత్తించిరి, గాలి వచ్చు మార్గములు తీసిరి, గోడలకు సున్నము కొట్టించిరి. వేసవి నాటికి మరణములు నూటికి రెండుకు దిగినవి. ఉపచారము, ఆహారము, వస్త్రములు అంతకుముందే యిచ్చియు కాపాడలేనివారిని మురుగు కాలువ బాగుచేయుట కాపాడినది.

1856లో యుద్ధము ముగిసెను. స్వదేశమున ఊరేగింపులకు సన్నాహములు జరుగుచుండగా ఆమె మిస్ స్మిత్ అను మారుపేరుతో, ఎవ్వరికిని తెలియకుండ తిరిగివచ్చి, రైలు దిగి నడిచి ఇల్లు చేరెను. క్రిమియాలో 1855లో సోకిన జ్వరము ఆమెను జీవితాంతము పీడించెను. కాని విశ్రమింపలేదు. జనన మరణముల లెక్కలలో దిట్టయైన విలియం ఫార్ అను నాతనితో కూర్చుండి, చనిపోయిన సైనికుల పట్టీలన్నియు తిరుగవేసెను. యుద్ధమున ఇంగ్లీషు సైనికులలో గాయముల వలన చనిపోయినవారు అయిదు వేలకు లోపు. వ్యాధుల వలన చనిపోయినవారు పదునారు వేలకు పైగా. అందు తన ఆసుపత్రి లెక్కయు ఉన్నది. తన కండ్లయెదుట, తన చేతిమీదుగ పోయినవారిలో ఎందరో గాయములచే గాక, చికిత్సకు వచ్చిన ఆ చోటుచేతనే పోయిరని ఆ అంకెలు చెప్పుచున్నవి. లోకమంతయు తన్ను దేవతగ కొనియాడుచున్న సమయమున అట్టి పద్దు బయట పెట్టుట సామాన్యులకు సాధ్యమా? కొట్టివేతలు, దిద్దుబాట్లు లేకుండ ఆమె దానిని రాజ్యాధికారుల ముందు పెట్టెను.

అంకెలు చదువుటకు మంత్రులకు ఓపిక యుండదని ఎరిగి ఆమె ఒక ఉపాయము చేసెను. సంవత్సరపు పండ్రెండు నెలలను ఒక చక్రమున పండ్రెండు ముక్కలుగ గీసి, నివారింపదగిన వ్యాధుల మరణములను నీలి రంగున, గాయముల మరణములను ఎరుపున, ఇతర కారణములను నలుపున చూపెను. నీలి రంగు పుట పట్టనట్లు వ్యాపించి, ఎరుపు నడుమ చిన్న ముక్కగ కనబడును. శాంతి కాలమున స్వదేశపు బారకాసులలో సైతము యువసైనికులు సామాన్య ప్రజలకంటె రమారమి రెండింతలు చనిపోవుచున్నారని కూడ ఆమె నిరూపించెను. రాయల్ కమిషన్ ఏర్పడెను, బారకాసులు బాగుపడెను. 1858లో లండను గణాంకశాస్త్ర సంఘము ఆమెను సభ్యురాలిగ ఎన్నుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ యామెయే.

ప్రజలు కృతజ్ఞతతో కూర్చిన నిధి సుమారు 45,000 పౌనులు. దానితో 1860లో లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రి యందు నర్సుల శిక్షణాలయము స్థాపింపబడెను. శిక్షణ ఒక సంవత్సరము. విద్యార్థినులకు భోజన వసతులు, కొంత భత్యము ఇచ్చిరి. అచ్చట చదివినవారిలో ఆగ్నెస్ జోన్సు అను నామె లివర్‌పూలు నగరమందలి అనాథల వైద్యశాలను బాగుచేసి, మూడేండ్లలోనే, 1868లో, విషజ్వరము సోకి మరణించెను. ఈ శిక్షణాలయము నుండి వెడలినవారు దేశదేశములకు పోయి ఆసుపత్రులకు పెద్దలైరి.

ఆ రోజులలోనే ఉపచారమును గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము వెలువడెను. నర్సులకే గాక, ఇంటిలో రోగిని చూచుకొను ప్రతి స్త్రీకి పనికివచ్చునట్లు వ్రాసినది. అందలి విషయములను నా మాటలలో కొంత విపులముగ చెప్పెదను. మన ఇండ్లలో మంచము పట్టినవారు లేని యిల్లేది?

మొదటిది గాలి. రోగికి చలి తగులకుండ చూచుచు, గదిలోని గాలిని బయటి గాలియంత శుభ్రముగ ఉంచవలెను. రాత్రి గాలి సోకరాదని కిటికీలు బిగించు అలవాటును ఆమె గట్టిగ ఖండించెను. పీల్చి విడిచిన గాలియే తిరిగి పీల్చుట అంతకంటె చేటని ఆమె వాదము. ఇంటికి మంచిగాలి, మంచినీరు, మురుగు పోవు దారి, శుభ్రత, వెలుతురు అను అయిదును కావలెను. రోగి మంచమును గోడకు ఆనించరాదు. ఇరువైపుల నుండి చేయి అందవలెను. పడుకొనియే కిటికీ నుండి ఆకసమును చూడగలిగిన మరియు మంచిది. చెమ్మగిలిన పక్కబట్టలను ఎండకు, గాలికి ఆరవేయక తిరిగి పరువరాదు. పక్కపుండ్లు పడినచో అది సాధారణముగ వ్యాధి దోషము గాక ఉపచార దోషమే యని ఆమె నిష్కర్షగ చెప్పినది. ఉపచారము చేయువారు దినములో పలుమార్లు చేతులు కడుగుకొనవలెను.

ఆహారమును గూర్చి ఆమె చూపిన శ్రద్ధ మన అమ్మమ్మలను జ్ఞప్తికి తెచ్చును. రోగి తినలేదని విస్తరి నింపి మంచము ప్రక్కన గంటల తరబడి ఉంచరాదు. చూచి చూచి ఉన్న రుచియు పోవును. ఏ వేళకు తినగలడో కనిపెట్టి, ఆ వేళకు కొద్దిగ ఇచ్చి, మిగిలినది వెంటనే తీసివేయవలెను. మిక్కిలి నీరసించినవారికి ఒక్కొక్క చెంచా చొప్పున వేళతప్పక ఇవ్వవలెను. పానీయపు గిన్నె అడుగు తడిలేకుండ తుడిచి యివ్వవలెనని కూడ వ్రాసినది. ఆ బొట్లు పడి పక్క తడిసిన రోగికి ఎంత చికాకో పడుకొన్నవానికే తెలియును.

శబ్దము మరియొకటి. పెద్ద శబ్దముకంటె, గది వెలుపల నిలిచి గుసగుసలాడుట రోగిని ఎక్కువ బాధించును. తన్ను గూర్చియే యని అతడు చెవియొగ్గి వినుటకు శ్రమపడును. తొలినిద్రలో లేపరాదు. పరామర్శకు వచ్చినవారు ఏమియు కాదులెమ్మని తేలికగ ధైర్యము చెప్పుటయు, తెలిసీ తెలియని మందులు సూచించుటయు రోగికి మేలు చేయదని ఆమె ఒక ప్రకరణమే వ్రాసినది. ఈ ప్రకరణమును మన వీధి అరుగులపై చదివి వినిపింపవలెనని నా కోరిక.

అన్నిటికంటె కనిపెట్టుటయే ముఖ్యమని ఆమె మతము. రాత్రి బాగుగ నిద్రపట్టినదా యని అడుగుట ప్రశ్న కాదు. ఎన్ని గంటలు నిదురించెను, ఏ వేళ మెలకువ వచ్చెను, ఎంత ఆహారము పోయెను, విరేచనము ఎన్నిమార్లాయెనని లెక్కగ తెలిసికొనవలెను. జ్ఞాపకము నిలువనివారు కాగితముపై వ్రాసికొనవచ్చును. తాను గదిలో నున్నపుడు జరుగునది తాను లేనపుడును జరుగునట్లు యేర్పాటు చేయగలిగినవారే నిజమైన పరిచారకులు. నేటి ఆసుపత్రులలో మంచము కాళ్ళవద్ద వ్రేలాడు పట్టీలో జ్వరము, నాడి, ఊపిరి, మూత్రము వేళవేళకు వ్రాయుచున్నారు గదా! ఆ పట్టీని చూచినపుడెల్ల నాకు ఈమె జ్ఞప్తికి వచ్చును.

ఆమెయందు లోపములు లేవని నేననను. చెడుగాలియే వ్యాధులకు మూలమని చాలకాలము నమ్మి, సూక్ష్మక్రిముల సిద్ధాంతమును ఆలస్యముగ గాని అంగీకరింపలేదు. నర్సులకు పరీక్షలు పెట్టి పట్టికలో పేర్లు నమోదు చేయుటను వ్యతిరేకించెను. జమైకా దేశమునుండి సొంత ఖర్చుతో క్రిమియాకు పోయి సైనికులను ఆదుకొన్న మేరీ సీకోలు అను ధీరురాలికి దక్కవలసిన కీర్తి చిరకాలము దక్కలేదు. నర్సులు నేడు నైటింగేలు పేర చేయు ప్రతిజ్ఞ కూడ ఆమె వ్రాసినది కాదు. 1893లో అమెరికాలో ఇతరులు కూర్చినది.

మన దేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. కాని నలుబది యేండ్లు మన దేశపు లెక్కలు చూచెను. ఇక్కడి ఇంగ్లీషు సైనికులు ఏటికి వేయింటికి 69 మంది చనిపోవుచుండగా, ప్రతి సైనిక స్థావరమునకు ప్రశ్నపత్రములు పంపి, వచ్చిన జవాబులను సంపుటీకరించి, నీరు, మురుగు బాగుచేయు మార్గము చూపెను. 1873 నాటికి అది 18కి దిగెను. మొదట సైనికులకై ప్రారంభించిన ఈ విచారణ ఆమెను గ్రామములకు, రైతులకు చేర్చినది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని దహించిన కరవును గూర్చి ఆమె తీవ్రముగ వ్రాసెను. ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థరు కాటను ఆమెకు మిత్రుడు. ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెడివాడు. రైలు మార్గములకంటె కాలువలు ముఖ్యమని ఆయన చేసిన వాదమును ఆమె బలపరచి, గోదావరి మండలమును తార్కాణముగ చూపెను. ఆ కాలువ నీటితో అన్నము తినుచున్న మనవారిలో ఈ సంగతి ఎరిగినవారు తక్కువ. వడ్డీవ్యాపారుల చేతిలో నలుగు రైతును గూర్చియు ఆమె పలుమార్లు వ్రాసినది. 1894లో భారత గ్రామ పారిశుద్ధ్యమును గూర్చి, 1896లో పల్లె స్త్రీలకు ఇంటింట ఆరోగ్యము బోధింపవలసిన విధమును గూర్చి వ్యాసములు ప్రకటించెను. అప్పటికి ఆమె వయసు డెబ్బదియారు. పనిచేసినది లండనులో మంచము పైనుండి.

క్రమముగ చూపు పోయెను. 1907లో ఇంగ్లాండు రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదము నొసగెను. స్త్రీలలో దానిని మొదట పొందినది ఆమె. అప్పటికి ఏమి యిచ్చుచున్నారో గ్రహించు శక్తియు ఆమెకు సరిగ లేదు. 1910వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన, తొంబదవ యేట, నిద్రలో కన్నుమూసెను. మహాపురుషులను సమాధి చేయు వెస్టుమినిస్టరు దేవళమున చోటిత్తుమనిరి గాని, ఆమె కోరికననుసరించి బంధువులు వలదనిరి. ఆరుగురు సైనికులు శవపేటికను మోసిరి. హాంప్‌షైరు మండలమున ఈస్టు వెల్లో అను పల్లెలో తలిదండ్రుల ప్రక్కనే ఆమెను ఖననము చేసిరి. ఆ రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. పేరులోని రెండు మొదటి అక్షరములు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రము చెక్కియున్నవి.